కొండకొమ్మున కావలి బురుజు

జొన్నచేనిలో మంచె కట్టి, దాని మీద నిలబడి వడిసెలతో పిట్టలను తోలడం తెలుగు రైతుకు తరతరాలుగా తెలిసిన పని. చేను విశాలమైన కొద్దీ మంచె ఎత్తు పెరగాలి. కాపాడవలసినది నాలుగెకరాల చేను గాక లక్షలాది ఎకరాల అడవి అయినప్పుడు, తరమవలసినది పిట్టను గాక నిప్పును అయినప్పుడు, మంచె వేయడానికి కొండ శిఖరమే తగిన చోటు. ఈ ఆలోచనతోనే ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల అడవులలో వేలాది అగ్ని కావలి బురుజులు వెలిశాయి. వాటిలో అధిక భాగం కాలక్రమంలో కూలిపోయాయి. కొన్నింటిలో వేసవి నెలలలో నేటికీ కావలివారు కూర్చుంటున్నారు. మరికొన్ని పాదచారులు ఎక్కి చూసే గమ్యస్థానాలుగా మిగిలాయి. దక్షిణ డకోటా రాష్ట్రంలో బ్లాక్ ఎల్క్ శిఖరం మీద నిలిచిన రాతి బురుజు ఈ చివరి కోవకు చెందినది. ఉదయం బయలుదేరి సాయంత్రంలోగా తిరిగి రాగల దూరమే అది. అయితే ఆ కొద్దిపాటి నడకలో అడవి కథ, నిప్పు కథ, ఒక జాతి కథ ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి.

అమెరికా మధ్యభాగంలో వందలాది మైళ్లు పరచుకొన్న గడ్డిమైదానాల నడుమ, సముద్రంలో దీవి వలె ఒక కొండల గుంపు లేచి నిలిచింది. దట్టమైన పైన్ చెట్ల కారణంగా ఆ కొండలు దూరం నుండి నల్లగా కనిపిస్తాయి. అందుచేత అక్కడి లకోటా ప్రజలు వాటిని 'పహా సాపా' అన్నారు. నల్ల కొండలని ఆ మాటకు అర్థం. 'బ్లాక్ హిల్స్' అనే ఆంగ్ల నామం చెప్పేదీ అదే. ఈ కొండలన్నింటిలో అత్యున్నతమైనది బ్లాక్ ఎల్క్ శిఖరం. సముద్రమట్టం నుండి దాని ఎత్తు సుమారు 7,240 అడుగులు. దక్షిణ డకోటాలో దీనికి మించిన ఎత్తు లేదు. మన తూర్పు కనుమలలోని మిక్కిలి ఎత్తైన కొండలు అయిదున్నర వేల అడుగుల వద్ద ఆగిపోతాయని గుర్తు చేసుకొంటే ఈ ఎత్తు అంచనాకు అందుతుంది.

ఎత్తు విని బెదరవలసిన పని లేదు. నడక మొదలయ్యే సిల్వన్ సరస్సే ఆరు వేల అడుగులకు పైబడిన ఎత్తున ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో ఒక వాగుకు అడ్డుకట్ట వేయగా ఏర్పడిన చెరువు అది. దాని ఒడ్డున గుండ్రని గ్రానైటు బండలు ఏనుగుల మంద నీటికి దిగినట్లు కనిపిస్తాయి. అక్కడి నుండి శిఖరానికి ఎక్కవలసిన ఎత్తు దాదాపు 1,100 అడుగులు మాత్రమే. తొమ్మిదవ నెంబరు బాటలో రానూ పోనూ సుమారు 11 కిలోమీటర్ల దూరం. సామాన్య దేహబలం గలవారికి నాలుగైదు గంటలు చాలును. బాట కొంత దూరం సాగిన తరువాత బ్లాక్ ఎల్క్ అరణ్య ప్రాంతంలో ప్రవేశిస్తుంది. పొలిమేరలో ఉన్న చిన్న పెట్టె దగ్గర రుసుము లేని చీటీ ఒకటి నింపి ముందుకు సాగాలి. ఆ గీత దాటిన తరువాత మోటారు వాహనాలకే గాక సైకిళ్లకు కూడా ప్రవేశం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవలసి ఉన్నది. వేసవిలో ఉదయం ఎంత నిర్మలంగా ఉన్నా, మధ్యాహ్నం దాటిన తరువాత ఈ కొండల మీద ఉరుములు మెరుపులతో వాన విరుచుకు పడడం తరచుగా జరిగేదే. అందువల్ల పెందలకడ బయలుదేరి మధ్యాహ్నానికి ముందే శిఖరం దిగడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. చేతిలో తగినంత మంచినీరు ఉండాలి. పైకి వెళ్లే కొద్దీ చలిగాలి పెరుగుతుంది కనుక ఒక పలుచని ఉన్ని చొక్కా సంచిలో పెట్టుకోవాలి. శిఖరం మీద రాతి గోడలున్నాయి గదా అన్న ధీమాతో పిడుగుల వేళ అటు పరుగెత్తడం మాత్రం ప్రమాదకరం. పరిసరాలలోకెల్లా ఎత్తైన చోటునే పిడుగు వెదుక్కుంటుంది.

బాట మొదట పాండెరోసా పైన్ చెట్ల నడుమ మెల్లగా పైకి సాగుతుంది. కాలి కింది మట్టి ఎండలో తళతళ మెరుస్తుంది. అది అభ్రకం. గూడూరు ప్రాంతపు గనులను ఎరిగిన తెలుగువారికి ఈ మెరుపు కొత్త కాదు. ఈ శిఖరపు గ్రానైటు సుమారు 170 కోట్ల సంవత్సరాల క్రితం భూగర్భంలో కరిగిన రాయి చల్లారి గడ్డకట్టగా పుట్టినది. పైనున్న పొరలు కాలం గడిచేకొద్దీ కొట్టుకుపోగా ఈ రాయి బయటపడింది. అట్లా చల్లారే వేళ ఏర్పడిన అభ్రకపు రేకులే నేడు బాటసారి చెప్పులకు అంటుకొంటున్నాయి. దాదాపు గంట నడిచేసరికి చెట్ల సందున ఆకాశం విచ్చుకొని, దూరాన శిఖరం మీద అగ్గిపెట్టె ప్రమాణంలో బురుజు మొదటిసారి కనిపిస్తుంది. ఆ సంతోషంలో ఉండగానే బాట కిందికి దిగిపోతుంది. ఎక్కిన ఎత్తును కొంత పోగొట్టుకొని మరల ఎక్కవలసి రావడం కొత్తవారికి కష్టంగా తోస్తుంది. పిల్లలు అలిగేది సరిగా ఇక్కడే.

చివరి భాగంలో నేల నిలువుగా లేస్తుంది. బండల మధ్య తొలిచిన మెట్లు, రాతి చీలికలో అమర్చిన ఇనుప మెట్లు దాటిన తరువాత బురుజు ఒక్కసారిగా ఎదుట నిలుస్తుంది. కొండ రాయి ఎక్కడ ముగిసిందో, గోడ రాయి ఎక్కడ మొదలైందో మొదటి చూపులో తెలియదు. పాతకాలపు కోటలోని బురుజును తలపించే ఈ కట్టడానికి సమీపంలోనే నీటి కోసం కట్టిన చిన్న ఆనకట్ట, పంపుగది కూడా ఉన్నాయి. శిఖరం మీద ఇరవయ్యవ శతాబ్దపు రెండవ దశాబ్దం నుండే కావలి ఉన్నది. మొదట చెక్క కట్టడం ఉండేది. ప్రస్తుతం కనిపించే రాతి బురుజును 1930ల చివరి సంవత్సరాలలో 'సివిలియన్ కన్జర్వేషన్ కోర్' అనే సంస్థకు చెందిన యువకులు నిర్మించారు.

ఆ యువకులను గురించి ఒక మాట చెప్పాలి. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం వల్ల అమెరికాలో లక్షలాది మంది పనులు కోల్పోయారు. 1933లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నిరుద్యోగ యువకులకు అడవులలో పని కల్పించే పథకాన్ని ప్రారంభించాడు. నెలకు 30 డాలర్ల జీతం. అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి చేరేవి. తిండి, బట్ట, వసతి శిబిరంలోనే. 1942లో పథకం ముగిసేనాటికి ఈ యువకులు కోట్లాది మొక్కలు నాటారు, బాటలు వేశారు, వంతెనలు కట్టారు. ఈ శిఖరానికి రాళ్లు, ఇసుక, సిమెంటు చేరవేసి గోడలు లేపినదీ వారే. ఖాళీ చేతులతో ఎక్కినవారికే ఆయాసం కలిగించే ఈ దారిలో, ఇంటికి పంపే 25 డాలర్ల కోసం పనిచేసిన ఇరవై ఏండ్ల కుర్రవాని శ్రమ ఎటువంటిదో ఆ గోడను చేతితో తాకినవారికి కొంత బోధపడుతుంది.

ఇంత శ్రమపడి కావలి ఎందుకు పెట్టవలసి వచ్చింది? అందుకు సమాధానం 1910 ఆగస్టులో దొరుకుతుంది. ఆ సంవత్సరం ఐడహో, మోంటానా, వాషింగ్టన్ రాష్ట్రాలలో వానలు లేక అడవులు ఎండిపోయాయి. అక్కడక్కడ వందలాది చిన్న మంటలు రగులుతున్నాయి. ఆగస్టు 20వ తేదీన పెనుగాలి లేచి వాటిని ఏకం చేసింది. రెండు దినాలలో సుమారు 30 లక్షల ఎకరాల అడవి భస్మమైంది. కనీసం 85 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువ మంది మంటలార్పడానికి వెళ్లిన కూలీలే. ఎడ్వర్డ్ పులాస్కీ అనే అటవీ ఉద్యోగి నలభై మందికి పైబడిన తన జట్టును ఒక పాడుపడిన గని సొరంగంలోకి నడిపించాడు. పొగకు ఉక్కిరిబిక్కిరై బయటికి పరుగెత్తబోయిన వారిని తుపాకి చూపి ఆపాడు. కొందరు లోపలే మరణించినా, జట్టులో అత్యధికులు బతికి బయటపడ్డారు. ఒకవైపు గొడ్డలి, మరొకవైపు పార వంటి అంచు గల పనిముట్టు ఒకటి నేటికీ అడవి మంటలార్పే వారి చేతులలో ఆయన పేరుతోనే చలామణి అవుతున్నది.

ఆ విపత్తు తరువాత అమెరికా అటవీ శాఖ ఒక నిశ్చయానికి వచ్చింది. మంట పెద్దదైన తరువాత మానవుడు చేయగలిగినది స్వల్పం. చిన్నదిగా ఉండగానే దానిని చూడాలి. చూడాలంటే ఎత్తున కన్ను ఉండాలి. ఆ కన్నే కావలి బురుజు.

చూడడం తేలిక పనిగా తోచవచ్చును. వాస్తవానికి అది నేర్వవలసిన విద్య. తెల్లవారుజామున లోయలలో లేచే మంచు తెరలు పొగను పోలి ఉంటాయి. మట్టిబాటలో పోయే బండి లేపిన దుమ్మూ అంతే. వాన వెలిసిన తరువాత చెట్ల మీది నుండి ఆవిరి లేస్తుంది. వీటి నడుమ నిజమైన పొగను గుర్తించడానికి కావలివాడు తన కంటికి ఆనే ప్రతి గుట్టను, ప్రతి వాగును వేళవేళకు ఎలా ఉంటుందో కంఠస్థం చేసుకోవాలి. నిన్న లేనిది ఈ పూట కనిపిస్తే అనుమానించాలి.

కనిపించిన పొగ ఎక్కడ ఉన్నదో చెప్పడం రెండవ మెట్టు. ఇందుకు 1910లలో విలియం ఆస్‌బోర్న్ అనే అటవీ ఉద్యోగి రూపొందించిన 'ఫైర్ ఫైండర్' అనే పరికరం ప్రసిద్ధమైనది. గది మధ్యలో ఒక గుండ్రని బల్ల. దాని మీద ఆ ప్రాంతపు పటం. పటం నడిబొడ్డున బురుజు ఉన్న స్థానం. చుట్టూ తిరిగే ఇత్తడి వలయానికి ఎదురెదురుగా రెండు చూపుపట్టీలు. కావలివాడు ఒక పట్టీ సందు నుండి, రెండవ పట్టీలో నిలువుగా బిగించిన సన్నని వెంట్రుక మీదుగా పొగను చూస్తాడు. మూడూ ఒక్క వరుసలోకి వచ్చినప్పుడు వలయం మీది డిగ్రీల అంకె చదువుతాడు. ఆ దిక్కున పొగ ఉన్నదని తెలిసినా ఎంత దూరమో రూఢిగా తెలియదు. మరొక శిఖరం మీది కావలివాడు కూడా అదే పొగను చూసి తన అంకె చెప్పినప్పుడు, రెండు గీతలు పటం మీద కలిసిన చోటే మంట. ఉన్నత పాఠశాలలో నేర్చిన త్రిభుజపు లెక్క ఇక్కడ అడవిని కాపాడుతుంది. టెలిఫోను తీగ ద్వారా ఆ సంగతి కింది శిబిరానికి చేరేది. పార, గొడ్డలి పట్టుకొని మనుషులు బయలుదేరేవారు.

ఈ పనిలో స్త్రీలు ఆది నుండి ఉన్నారు. 1913లో హ్యాలీ డాగెట్ అనే యువతి కాలిఫోర్నియాలోని క్లామత్ అడవిలో కావలి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు, ఆడపిల్ల ఒంటరిగా కొండ మీద నెలల తరబడి ఉండగలదా అని సందేహించినవారు లేకపోలేదు. అడవిలో పుట్టి పెరిగిన ఆమెకు వేట, గుర్రపు స్వారీ కొత్త కాదు. ఆమె సోదరి వారానికొకసారి గుర్రం మీద సరుకులు తెచ్చి ఇచ్చేది. మొదటి ఏడాదిలోనే ఆమె దాదాపు నలభై మంటలను గుర్తించి కబురందించింది. వాటన్నింటిలో కలిపి కాలిపోయినది అయిదెకరాల లోపే. పదేళ్లకు పైగా ఆమె ఆ ఉద్యోగంలో కొనసాగింది. సందేహించిన వారికి ఇంతకంటె జవాబు అక్కరలేదు.

కావలివాని దినచర్యలో మిక్కిలి భయంకరమైన ఘడియలు పిడుగుల వేళలు. అందరూ దిగిపోయే సమయాన అతడు పైననే ఉండాలి. ఏ చెట్టు మీద పిడుగు పడిందో చూసి గుర్తు పెట్టుకోవాలి. మెరుపు వెలిగినంతసేపూ అతడు ఒక చిన్న పీట మీద నిలబడేవాడు. దాని కాళ్లకు గాజు బుడిపెలు ఉండేవి. విద్యుత్తు నేల నుండి శరీరంలోకి ప్రవహించకుండా గాజు అడ్డుపడుతుందని ఈ ఏర్పాటు. పీట మీద నిలబడి, ఊపిరి బిగబట్టి, కళ్లు మాత్రం కిటికీకి అప్పగించిన ఆ మనిషిని ఊహించుకొంటే ఈ ఉద్యోగం ఎట్టిదో తెలుస్తుంది.

1960ల నాటికి విమానాలు, రేడియోలు ఈ పనిలో చాలా భాగం అందిపుచ్చుకొన్నాయి. బ్లాక్ ఎల్క్ శిఖరం మీది బురుజులో 1967తో కావలి ముగిసింది. ఇప్పుడు ఉపగ్రహాలు ఆకాశం నుండి భూమి మీది వేడిని పసిగడుతున్నాయి. బ్లాక్ హిల్స్ మీదుగా పోయే ఆ ఉపగ్రహాలే నల్లమల మీదుగానూ పోతాయి. వాటి సమాచారం ఆధారంగా భారత అటవీ సర్వే సంస్థ 2004 నుండి మన రాష్ట్రాల అటవీ అధికారులకు మంటల హెచ్చరికలు పంపుతున్నది. అయినప్పటికీ మబ్బు కమ్మినప్పుడు, మంట మరీ చిన్నదైనప్పుడు ఉపగ్రహం తడబడుతుంది. అందుకే అమెరికాలో కొన్ని వందల బురుజులలో నేటికీ మనిషి కన్ను కాపలా కాస్తున్నది.

ఇంతవరకు కథ మానవుని విజయగాథ వలె వినిపిస్తుంది. కాని, బురుజు పైఅంతస్తు కిటికీ నుండి చుట్టూ చూసేవారికి దానిలోని వెలితి కూడా కనిపిస్తుంది. పచ్చని పైన్ చెట్ల మధ్య బూడిదరంగులో ఎండి నిలిచిన మానులు, నేలకు ఒరిగిన దుంగలు విస్తారంగా ఉన్నాయి. 1990ల చివరి నుండి 2010ల మధ్య భాగం వరకు పైన్ బెరడును తొలిచే ఒక రకం పురుగు ఈ కొండలలో లక్షలాది ఎకరాల అడవికి సోకింది. ఆ పురుగు ఇక్కడికి కొత్తగా వచ్చినది కాదు. దానికి అంత బలం రావడానికి గల కారణాలలో అడవి మితిమీరి చిక్కబడడం ఒకటి. అడవి చిక్కబడడానికి గల కారణాలలో, ఈ బురుజు శ్రద్ధగా చేసిన పని ఒకటి.

దీనిని కొంత వివరించాలి. పాండెరోసా పైన్ నిప్పుతో కాపురం చేయడం నేర్చిన చెట్టు. ముదిరిన చెట్టు బెరడు మందంగా ఉండి, నేల మీద పాకే చిన్న మంటలకు చెక్కుచెదరదు. పిడుగుల వల్లనో, ఆదివాసులు పెట్టిన నిప్పుల వల్లనో కొన్నేళ్లకొకసారి అట్టి మంట సాగి, ఎండుగడ్డిని, పుల్లలను, గుంపుగా మొలిచిన పిల్లచెట్లను తినివేసేది. పెద్ద చెట్లు దూరదూరంగా, బలంగా ఉండేవి. 1874లో ఈ కొండలకు వచ్చిన సైనిక బృందంతో పాటు విలియం ఇల్లింగ్‌వర్త్ అనే ఛాయాగ్రాహకుడు వచ్చాడు. అతడు తీసిన చిత్రాలలోని స్థలాలనే వంద సంవత్సరాల తరువాత వెదకి మరల ఛాయాచిత్రాలు తీశారు. పక్కపక్కన పెట్టి చూస్తే, నాడు గడ్డి మైదానాలుగా, పలుచని తోపులుగా ఉన్న చోట్లలో పెక్కు నేడు దట్టమైన అడవులు. ఏ మంటనైనా కబురందిన మరునాటి ఉదయం పది గంటలలోపు అదుపు చేయాలని 1935లో అమెరికా అటవీ శాఖ ఒక నియమం విధించింది. చెడ్డ మంటతో పాటు మేలు చేసే మంటను కూడా అది ఆర్పివేసింది. నేల మీద ఎండు సరుకు పోగుపడింది. 1978లో ఆ నియమాన్ని విడనాడి, కొన్ని మంటలను కనిపెట్టి ఉంటూ సాగనివ్వడం, కొన్నింటిని తామే పెట్టి అదుపులో నడపడం ప్రారంభించారు. అప్పటికే చాలా ఆలస్యమైంది. 2000 ఆగస్టులో ఒక వ్యక్తి రోడ్డు పక్కన పారవేసిన అగ్గిపుల్ల నుండి లేచిన 'జాస్పర్' మంట బ్లాక్ హిల్స్ పశ్చిమ భాగంలో 83 వేల ఎకరాలకు పైగా దహించింది.

కావలివాని తప్పు ఇందులో ఏమీ లేదు. పొగను చూడమన్నారు, చూశాడు. ఆ పొగ మంచిదా చెడ్డదా అని అడిగే బాధ్యత అతనిపై ఎవరూ పెట్టలేదు.

ఈ శిఖరం విషయంలో చూపు కొరవడిన సందర్భం మరొకటి ఉన్నది. బాట పొడవునా, శిఖరం దగ్గర మరింత ఎక్కువగా, చెట్ల కొమ్మలకు ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు రంగుల గుడ్డ పీలికలు కట్టి ఉంటాయి. కొన్నింటి కొసన చిటికెడు పొగాకు మూటగట్టి ఉంటుంది. లకోటా ప్రజలు మొక్కుకొని కట్టిన ముడుపులవి. వాటిని తాకరాదు, విప్పరాదు, చిత్రాల కోసం సర్దరాదు. మన కొండ గుడుల దగ్గర చెట్లకు ఊయలలు, ముడుపులు కట్టడం చూసినవారికి వేరే చెప్పనవసరం లేదు.

లకోటాలు ఈ శిఖరాన్ని 'హిన్హాన్ కాగా' అంటారు. ఆ పేరులో గుడ్లగూబల ప్రస్తావన ఉన్నది. ఓగ్లాలా లకోటా తెగకు చెందిన బ్లాక్ ఎల్క్ 1863లో జన్మించాడు. తొమ్మిదవ ఏట తీవ్రంగా జబ్బుపడి, స్పృహ తప్పిన స్థితిలో అతడు ఒక మహాదర్శనం పొందాడు. ఆ దర్శనంలో తాను లోకమంతటికీ నడిమిదైన ఒక ఎత్తైన కొండ మీద నిలబడినట్లు, తన జాతితో పాటు సమస్త జాతులూ ఒకే వలయంగా కూడినట్లు చూశాడు. ఆ కొండ ఇదేనని అతడు చెప్పాడు. 1931లో కవి జాన్ నైహార్ట్ అతని జీవితకథను రాసుకొంటున్నప్పుడు, వృద్ధుడైన బ్లాక్ ఎల్క్ ఈ శిఖరానికి వచ్చి ప్రార్థన చేశాడు. ఆ కథ 1932లో 'బ్లాక్ ఎల్క్ స్పీక్స్' అనే పుస్తకంగా వెలువడింది. అప్పటికి నేటి రాతి బురుజు లేదు. కొండకు బ్లాక్ ఎల్క్ పేరూ లేదు.

నాడు పటాలలో ఉన్న పేరు హార్నీ శిఖరం. విలియం హార్నీ అమెరికా సైన్యాధికారి. 1855లో నెబ్రాస్కా ప్రాంతంలోని ఒక వాగు ఒడ్డున అతని సైన్యం లకోటా శిబిరం మీద పడి ఎనభై మందికి పైగా చంపింది. మృతులలో స్త్రీలు, పిల్లలు ఉన్నారు. ఎవరు తమవారిని చంపారో అతని పేరే తమ పవిత్ర శిఖరానికి ఉండడం లకోటాలకు ఎంత బాధ కలిగించి ఉంటుందో ఊహింపదగినదే. 1868 నాటి ఫోర్ట్ లారమీ ఒడంబడిక ప్రకారం బ్లాక్ హిల్స్ లకోటాలవి. 1874లో జార్జ్ కస్టర్ నాయకత్వాన వచ్చిన సైనిక బృందం ఇక్కడ బంగారం ఉన్నదని చాటింది. గనివారు వెల్లువగా వచ్చారు. యుద్ధం జరిగింది. 1877లో అమెరికా కాంగ్రెసు చట్టం చేసి ఈ కొండలను లాగివేసుకొన్నది. వంద సంవత్సరాలకు పైగా గడిచిన పిమ్మట, 1980లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానం లకోటాలకు న్యాయమైన పరిహారం చెల్లించలేదని తీర్పు చెప్పి, వడ్డీతో కలిపి పది కోట్ల డాలర్లకు పైబడిన మొత్తాన్ని ఖాయం చేసింది. లకోటాలు ఆ సొమ్ము ముట్టలేదు. కొండలను తాము అమ్మలేదని, కొండలే తమకు కావాలని వారి మాట. ఖజానాలో పెరిగి పెరిగి ఆ మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. దారిద్ర్యం తాండవించే ఊళ్లలో ఉంటూ అంత సొమ్మును కాదనడం చాలామందికి వింతగా తోస్తుంది. తల్లిని అమ్మి తెచ్చిన డబ్బుతో ఇల్లు కట్టుకొనే బిడ్డ ఎవరని ఆలోచించినవారికి వింత అనిపించదు.

పేరు విషయంలో మాత్రం కొంత న్యాయం జరిగింది. లకోటాల విన్నపం మీద, రాష్ట్రంలో అభ్యంతరాలు వ్యక్తమైనప్పటికీ, 2016 ఆగస్టు 11వ తేదీన అమెరికా భౌగోళిక నామాల మండలి ఈ కొండకు బ్లాక్ ఎల్క్ శిఖరం అని నామకరణం చేసింది. అయినా స్థానికులలో కొందరి నోట పాత పేరే వినిపిస్తుంది. బాటసారి ఏ పేరు పలుకుతాడన్నది ఇక్కడ చిన్న విషయం కాదు.

బురుజు కింద రాతి మెట్ల పక్కన ఒక ఫలకం ఉన్నది. వాలెంటైన్ మెక్‌గిల్లికడ్డీ అనే వైద్యుని చితాభస్మాన్ని 1940లో అక్కడ ఉంచారు. 1875లో సర్వే బృందంతో వచ్చి ఈ శిఖరం ఎక్కినవాడతడు. తెల్లవారిలో ఎక్కినట్లు నమోదైన మొదటి వ్యక్తి అతడే. లకోటా వీరుడు క్రేజీ హార్స్ 1877లో కత్తిపోటుకు గురై మరణశయ్యపై ఉన్నప్పుడు పరిచర్య చేసినవాడూ ఇతడే. ఫలకం మీద అతని పేరు కింద 'వసీచు వకాన్' అనే లకోటా మాటలు చెక్కి ఉన్నాయి. మహిమ గల తెల్లవాడు అని అర్థం. పవిత్ర శిఖరం మీద పరాయివాని సమాధి ఉండడం తగునా అని ప్రశ్నించేవారు ఉన్నారు. ఆ ప్రశ్నకు బలం లేకపోలేదు.

పైఅంతస్తు గదిలో ఇప్పుడు పటం లేదు, ఇత్తడి వలయం లేదు, గాజు కాళ్ల పీట లేదు. నాలుగు దిక్కులా కిటికీలు, వాటిలో నుండి హోరున వీచే గాలి మాత్రమే ఉన్నాయి. వాతావరణం నిర్మలంగా ఉన్న ఉదయాలలో దక్షిణ డకోటాతో పాటు నెబ్రాస్కా, వయోమింగ్, మోంటానా రాష్ట్రాల నేల కూడా ఇక్కడి నుండి కనబడుతుందని చెబుతారు. కింద బండల మీద అప్పుడప్పుడు తెల్లని కొండమేకలు కనిపిస్తాయి. అవి కూడా స్థానికమైనవి కావు. 1924లో కెనడా నుండి తెచ్చి కస్టర్ పార్కులో కట్టడి చేసినవి తప్పించుకొని ఈ బండలను తమ ఇల్లుగా చేసుకొన్నాయి.

తిరుగు ప్రయాణానికి వచ్చిన దారినే పట్టవచ్చును. కాళ్లలో బలం ఉన్నవారు నాలుగవ నెంబరు బాట మీదుగా దిగితే, గోపురాల వలె సూదిగా నిలిచిన 'కెథీడ్రల్ స్పైర్స్' అనే శిలల పక్కగా సిల్వన్ సరస్సును చేరుకోవచ్చును. ఆ బాటలో, ఎండి నేలకొరిగిన మానుల నడుమ, ఇంతకు ముందు నీడ వల్ల మొలకెత్తని గడ్డి, పూలమొక్కలు, మోకాలెత్తు పైన్ మొక్కలు ఇప్పుడు ఎండ తగిలి లేస్తున్నాయి. పడమటి ఆకాశంలో మబ్బులు కమ్ముకొంటున్నట్లు కనిపిస్తే మాత్రం వాటిని చూస్తూ నిలబడకుండా త్వరగా దిగడం మంచిది.